స్పీడ్ 40 ఉంది, కాల్ మాత్రం నిలవడం లేదు

ప్రశ్న: మాది పలాస. కింద జీడి ఫ్యాక్టరీ, పైన ఇల్లు. రెండింటికీ ఒకటే కేబుల్ నెట్. స్పీడ్ టెస్ట్ పెడితే డౌన్‌లోడ్ 40, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ చూపిస్తోంది. అయినా పార్టీలకు వీడియో కాల్‌లో పప్పు చూపిస్తుంటే బొమ్మ ఆగిపోతుంది. ‘ఉన్నారా, వినబడుతోందా’ అని అవతలివాళ్లు అడుగుతూనే ఉంటారు. మా అమ్మాయి హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది, తనకీ అదే టెన్షన్. నెట్ వాళ్లు 100 ప్లాన్‌కి మారమంటున్నారు. మారితే తగ్గుతుందా? ఫ్యాక్టరీలో నాలుగు కెమెరాలున్నాయి, క్లౌడ్‌లో రికార్డవుతాయి. వాటికీ దీనికీ సంబంధం ఉండదనుకుంటాను.

జవాబు: ఇప్పుడే ప్లాన్ మార్చకండి. సంబంధం ఉండదని మీరు చివర్లో రాసిన కెమెరాల దగ్గరే ముడి ఉంది.

ఒక హెచ్‌డీ కెమెరా సుమారు 2 ఎంబీపీఎస్ పైకి పంపుతుంది. నాలుగూ కలిస్తే 8. మీకున్న అప్‌లోడ్ 10. మిగిలిన 2 ఎంబీపీఎస్‌లోనే మీ వీడియో కాల్, అమ్మాయిగారి మీటింగ్, ఇంట్లో ఫోన్ల ఫొటో బ్యాకప్ అన్నీ నడవాలి. ఎవరి ఫోనో బ్యాకప్ మొదలెట్టగానే దారి నిండిపోతుంది. అక్కడి నుంచి మోడెమ్ లోపల క్యూ పెరుగుతుంది.

కోతల రోజుల్లో రైస్ మిల్లు కాటా దగ్గర నిలబడ్డవాళ్లకు ఈ సంగతి చప్పున తెలుస్తుంది. కాటా ఒకటే. ధాన్యం లోడుతో ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి ఉంటాయి. ఒకే ఒక్క బస్తా సైకిల్ మీద వేసుకొచ్చిన మనిషి ఆ బారు చివర నిలబడాలి. అతని బస్తా తూచడానికి అర నిమిషం చాలు, కానీ పొద్దు గూకుతుంది. మీ మాట ఆ ఒక్క బస్తా. కెమెరా వీడియో, ఫొటోల బ్యాకప్ ఆ ట్రాక్టర్లు.

లెక్క కూడా చూడండి. కాల్‌లో మన గొంతు 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది. ఒక్కోటి సుమారు 200 బైట్లు. 10 ఎంబీపీఎస్ లైన్ దాటడానికి దానికి పట్టేది మిల్లీసెకన్‌లో ఐదో వంతు కూడా కాదు. అదే మోడెమ్‌లో ముందుగా 1 ఎంబీ, అంటే 80 లక్షల బిట్ల డేటా క్యూలో ఉంటే, అది ఖాళీ అయ్యేదాకా 800 మిల్లీసెకన్లు ఆగాలి. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికం సంఘం ప్రమాణం. 800 అంటే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం. మీ దగ్గర జరుగుతున్నది అదే.

దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. డేటా పంపే కంప్యూటర్ దారిలో ఎక్కడైనా ఒక ప్యాకెట్ తప్పిపోయేదాకా వేగం పెంచుకుంటూ పోతుంది. ప్యాకెట్ తప్పిపోతేనే ‘దారి నిండింది’ అని తెలుసుకుని తగ్గుతుంది. ఒక్క ప్యాకెట్ కూడా తప్పిపోకూడదని మోడెమ్‌లో పెద్ద బఫర్ (డేటా వంతు కోసం ఆగే చోటు) పెడితే ఆ కబురు సమయానికి అందదు. లోడ్లు వస్తూనే ఉంటాయి, బారు పెరుగుతూనే ఉంటుంది. 2010లో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు జిమ్ గెటిస్ తన ఇంటి కనెక్షన్ ఎందుకు నత్తనడక నడుస్తోందో వెతుకుతూ దీని జాడ పట్టుకున్నారు. కాబట్టి మీ ఇంట్లో ఎవరూ ఏదో తప్పు చేశారని అనుకోనక్కర్లేదు. ప్రపంచమంతా ఉన్న జబ్బే ఇది.

మామూలు స్పీడ్ టెస్ట్ చూపించే పెద్ద అంకెలో ఇది దొరకదు. కాటా గంటకు ఎన్ని టన్నులు తూస్తుందో అది చెబుతుంది, బారులో మీరు ఎంతసేపు నిలబడాలో చెప్పదు. అందుకే కొలత ఇలా చేయండి. ల్యాప్‌టాప్‌ను వైఫైతో కాకుండా ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి 8.8.8.8 అని, మళ్లీ ఖాళీ వదిలి అడ్డగీత, దాని పక్కనే టి అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. సెకనుకో వరుస చొప్పున దిగుతుంది. అందులో ‘టైమ్’ పక్కన ఉండే అంకే మనకు కావాలి, కబురు వెళ్లి రావడానికి పట్టిన మిల్లీసెకన్లు అవి. ముందు కెమెరాలు ఆపి ఒక నిమిషం చూడండి. తర్వాత కెమెరాలు వేసి, ఫోన్‌లోంచి ఒక పెద్ద వీడియో డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలెట్టి అదే అంకెను గమనించండి. 25, 30 దగ్గర తిరుగుతున్నది 500 దాటిందంటే అనుమానం తీరినట్టే. ఇరవై, ముప్పై మాత్రమే పెరిగితే లైన్ బాగుంది, తప్పు వైఫైలో వెతకాలి. చూడటం అయ్యాక కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగుతుంది. ఇదంతా ఎందుకనుకుంటే ఫాస్ట్ డాట్ కామ్‌లో ‘షో మోర్ ఇన్ఫో’ నొక్కండి, ఖాళీగా ఉన్నప్పటి ఆలస్యం, లోడ్ మీద ఆలస్యం పక్కపక్కనే చూపిస్తుంది.

ఇక వైద్యం. మొదటిది దాదాపు ఖర్చు లేనిది. కెమెరాల రికార్డింగ్‌ను మెమరీ కార్డులోకో, ఫ్యాక్టరీలోనే హార్డ్‌డిస్క్ ఉన్న రికార్డర్‌లోకో మార్చండి. క్లౌడ్ తప్పనిసరి అనుకుంటే కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టి, బిట్‌రేట్ (కెమెరా సెకనుకు పంపే డేటా) సగానికి దించండి. కాల్ వేళ ఫోన్లలో ఫొటో బ్యాకప్ ఆపండి. కంప్యూటర్లో గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ రెండింటికీ అప్‌లోడ్ హద్దు పెట్టే సెట్టింగ్ ఉంది. చాలా ఇళ్లలో బాధ ఇక్కడితో తీరుతుంది.

తీరకపోతే ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) ఉన్న రౌటర్ కావాలి. ఇది ఒక్క బస్తావాడిని ట్రాక్టర్ల మధ్యలోంచి ముందుకు పంపే ఏర్పాటు. క్యూలో ఎవరి డేటా వాళ్లకు విడి వరుసగా పెట్టి వంతులవారీగా వదులుతుంది, ఎక్కువసేపు నిలిచిన వరుసలోంచి ఒక ప్యాకెట్ పారేసి పంపేవాడికి ముందుగానే కబురు చేస్తుంది. నెట్‌వర్క్ పరిశోధకులు కాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో ఇచ్చిన కోడెల్ అనే క్యూ పద్ధతి దీనికి పునాది. దాని మీద వచ్చిన కేక్ అనే పద్ధతి 2018లో లినక్స్‌లో చేరింది. దీన్ని అందరికీ ఉచితంగా అందించడానికి ఏళ్ల తరబడి కష్టపడిన డేవ్ టాట్ 2025లో కన్నుమూశారు. ఆయన పేరు తెలియని లక్షల ఇళ్లలో ఈ రోజు కాల్స్ నిలుస్తున్నాయంటే అందులో ఆయన చెమట ఉంది.

కంపెనీ ఇచ్చిన మోడెమ్‌లో ఈ సదుపాయం సాధారణంగా ఉండదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్ కొని మోడెమ్ వెనక కలపండి, మోడెమ్ వైఫై ఆపేయండి, అన్నీ కొత్త రౌటర్ మీదుగానే వెళ్లాలి. కొనేముందు ఆ మోడల్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో ఉందో లేదో తప్పక చూసుకోండి. ఎస్‌క్యూఎం పేజీలో వేగం కిలోబిట్లలో రాయాలి. మీకైతే డౌన్‌లోడ్ 36000, అప్‌లోడ్ 9000. అంటే ఉన్న వేగంలో పదో వంతు కావాలని వదులుకుంటున్నాం. అలా వదిలితేనే బారు మోడెమ్‌లో కాకుండా మన రౌటర్‌లో ఏర్పడుతుంది, అక్కడైతే దాన్ని నడిపించడం మన చేతిలో ఉంటుంది. సాయంత్రం మీ అప్‌లోడ్ 8కి పడిపోతుంటే 8లోంచే లెక్క వేయండి.

100 ప్లాన్ సంగతి: అందులో అప్‌లోడ్ ఎంతో అడగండి. అది 10 దగ్గరే ఉంటే డబ్బు దండగ. 50 అయితే అదే 1 ఎంబీ క్యూ 160 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది, ఉపశమనమే. ఇంటి నెట్ బిల్లు నెలనెలా కట్టేది, అందుకే ముందు కొలిచి చూడమని ఇంతగా చెబుతున్నాను.

ప్రశ్న: బొబ్బిలిలో డిగ్రీ చదువుతున్నాను. గేమ్‌లో పింగ్ 70 వస్తోంది. డీఎన్‌ఎస్ మారిస్తే, పింగ్ బూస్టర్ యాప్ వేస్తే తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: డీఎన్‌ఎస్ చేసేది పేరు చూసి చిరునామా వెతకడం వరకే. ఆట మొదలయ్యాక దానికి పని లేదు. బూస్టర్ యాప్‌లకు డబ్బు పెట్టకండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది, అంటే వెయ్యి కిలోమీటర్లు వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు. సర్వర్ ముంబైలో ఉందా సింగపూర్‌లో ఉందా అన్నదాన్ని బట్టి కొంత పింగ్ తప్పదు. అర్ధరాత్రి కూడా 70 ఉంటే అది దూరం, దారి వల్ల వచ్చింది. ఇంట్లో ఎవరో వీడియో చూసినప్పుడు 200 అయితే అది పలాస పాఠకుడి జబ్బే, మందూ అదే. ఇంట్లో ఎవరూ వాడకపోయినా రాత్రి 8 నుంచి 11 వరకే పెరుగుతుంటే ఇరుకు ప్రొవైడర్ వైపు ఉంది. మూడు రోజుల పింగ్ అంకెలు వేళతో సహా రాసి ఫిర్యాదు చేయండి. ‘నెట్ స్లో’ అన్న మాట కన్నా ఆ కాగితానికి బలం ఎక్కువ.

ప్రశ్న: శ్రీకాకుళంలో పాత మండువా ఇల్లు మాది. వెనక గదిలో ఆన్‌లైన్ ట్యూషన్ చెబుతాను. గొంతు తెగుతోందని పిల్లలు అంటున్నారు. వైఫై ఎక్స్‌టెండర్ కొననా?

జవాబు: ఆ లావు గోడలు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీరసిస్తుంది, 2.4లో ఇరుగుపొరుగు వైఫైల గోల. ఎక్స్‌టెండర్ కూడా అదే గాలిలో మాటను పట్టుకుని మళ్లీ పంపాలి, ఆలస్యం ఇంకాస్త పెరుగుతుంది. వెనక గది దాకా ఒక క్యాట్ 6 ల్యాన్ కేబుల్ లాగించుకోండి. ల్యాప్‌టాప్‌కు ల్యాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. మండువా చూరు కింద చెక్క దూలం వెంట తీస్తే గోడకు చిల్లు కూడా ఒకటే సరిపోతుంది.