రీసెట్ చేసే ముందు ఆ ఫైలు తెరిచి చూడు

తమ్ముడూ,

సర్వర్‌లోని సైట్లనీ మెయిళ్లనీ నడిపే కంట్రోల్ ప్యానెల్ వాడే డేటాబేస్ పాస్‌వర్డ్ దొరకట్లేదు, రీసెట్ కొట్టేస్తానని రాశావు. కాస్త ఆగు. ప్యానెల్ ఇప్పటికీ పనిచేస్తోందంటే రోజూ ఆ పాస్‌వర్డ్‌తోనే డేటాబేస్‌లోకి వెళ్తోందన్నమాట, అంటే అది సర్వర్‌లోనే ఏదో ఒక ఫైల్లో ఉంది, నీ కంట పడలేదంతే.

రూట్‌గా లాగినై చూడు, రూట్ అంటే సర్వర్‌లో అన్ని అధికారాలూ ఉన్న ఖాతా. నీ ప్యానెల్ సీప్యానెల్ అయితే రూట్ హోమ్ డైరెక్టరీలో డాట్ మై డాట్ సీఎన్ఎఫ్ అనే ఫైలుంటుంది, పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ ఉత్తదే కొడితే కనబడదు, మైనస్ ఏ తగిలించాలి. డైరెక్ట్‌అడ్మిన్ అయితే దాని సొంత కాన్ఫ్ ఫోల్డర్లో మైఎస్‌క్యూఎల్ డాట్ కాన్ఫ్ ఫైలు (మైఎస్‌క్యూఎల్ అంటే ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేరే), అందులో యూజర్, పాస్‌వర్డ్ రెండూ ఉంటాయి. వెబ్‌సైట్ల కాన్ఫిగ్ ఫైళ్లలో మాత్రం వెతకొద్దు, అక్కడ దొరికేది ఆ ఒక్క సైటు తాళమే.

ప్లెస్క్ అనే ప్యానెల్ దగ్గరే అందరూ బోల్తా పడతారు, నేనూ పడ్డాను. ఈటీసీ కింద పీఎస్ఏ ఫోల్డర్లో డాట్ పీఎస్ఏ డాట్ షాడో తెరిస్తే డాలర్ గుర్తు, ఏఈఎస్ (ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరు) అని మొదలై కొండవీటి చాంతాడంత అక్షరాలు. దాన్ని విప్పితే లోపల అసలు పాస్‌వర్డ్ ఉంటుందని ఓ పూటంతా కుస్తీ పట్టాను. విప్పక్కర్లేదు, మైఎస్‌క్యూఎల్‌కి ఆ చాంతాడే పాస్‌వర్డ్, యూజర్ పేరు రూట్ కాదు, అడ్మిన్. ఇంకా తేలిక కావాలంటే రూట్‌గా ఉండి ప్లెస్క్ డీబీ అని కొట్టు, పాస్‌వర్డ్ అడక్కుండానే తలుపు తెరుస్తుంది.

ఇక రీసెట్ సంగతి. ఒకసారి నేను తొందరపడి ఒక ప్యానెల్ యూజర్‌కి మైఎస్‌క్యూఎల్‌లో నేరుగా కొత్త పాస్‌వర్డ్ పెట్టేశాను, ఫైల్లో పాతది అలాగే ఉంది. సైట్లన్నీ నడుస్తున్నాయి, ఎందుకంటే వాటి యూజర్లు వేరు, కానీ ప్యానెల్ మాత్రం తెరుచుకోదు, ఎవరికీ కొత్త మెయిల్ అకౌంట్ ఇవ్వలేం, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. చివరికి ఫైల్లో ఉన్న పాతదాన్నే మళ్లీ మైఎస్‌క్యూఎల్‌లో పెడితే లేచి కూర్చుంది. మార్చక తప్పదంటే ప్యానెల్ ఇచ్చిన పద్ధతిలోనే మార్చు, అప్పుడు ఫైలూ డేటాబేసూ కలిసి మారతాయి.

ఇంకో మాట, ఆ ఫైలు పర్మిషన్లు కదపకు. చదవడానికి రావట్లేదని 644, అంటే అందరూ చదవగలిగే పర్మిషన్, పెట్టేస్తుంటారు కొందరు, అలా చేస్తే సర్వర్‌లో ఖాతా ఉన్న ప్రతివాడి చేతికీ తాళాలు ఇచ్చినట్టే. అందరూ చూడగలిగే టెంప్ ఫోల్డర్లోకి కాపీ తీసి మర్చిపోవడం కూడా అంతే. మైఎస్‌క్యూఎల్ కమాండ్‌లో మైనస్ పీ పక్కనే పాస్‌వర్డ్ టైప్ చేశావనుకో, అది షెల్ హిస్టరీలో, అంటే కొట్టిన కమాండ్ల జాబితాలో, కూర్చుంటుంది, మైనస్ పీ ఒక్కటే కొడితే పాస్‌వర్డ్ ఏమిటని తర్వాత అదే అడుగుతుంది.

ముందు ఫైలు తెరిచి, అందులో ఏ యూజర్ పేరుందో నాకు రాయి. స్క్రీన్‌షాట్ మాత్రం పంపకు.

అన్నయ్య