మీ మూగనేస్తం – ప్రశ్నలూ జవాబులూ: టపాసులంటే వణికిపోయే రాజుగాడు

ప్రశ్న: డాక్టరు గారూ, మా ఇంట్లో మూడేళ్ళ ఊరకుక్క ఉంది, పేరు రాజు. కాలవ గట్టున దొరికితే మా పెద్దోడు ఎత్తుకొచ్చాడు. మామూలప్పుడు సింహంలా ఉంటాడు గానీ దీపావళి వస్తే చాలు, పోయినేడు బాత్రూంలో దూరి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మా ఆయన "అలవాటు చెయ్యాలి, లేకపోతే జన్మంతా ఇంతే" అని గొలుసేసి డాబా మీదకి తీసుకెళ్ళి టపాసుల పక్కన నిలబెట్టారు. అంతే, మెడ పట్టీలోంచి తల లాగేసుకుని వీధిలోకి పరిగెత్తాడు, తెల్లారి నాలుగింటికి దొరికాడు. నేను దగ్గరికి తీసుకుంటే మా అత్తయ్యేమో "నువ్వే గారం చేసి పిరికోణ్ణి చేస్తున్నావు" అంటారు. ఎవరి మాట వినాలి? ఆ ఒక్క రోజుకి నిద్రమాత్ర ఏదన్నా వెయ్యొచ్చా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు మీ అత్తయ్య గారి మాట తీసుకుందాం అమ్మా, అది తేలిపోతే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది. షేక్‌హ్యాండ్ ఇచ్చినప్పుడు బిస్కెట్ పెడితే కుక్క మళ్ళీ షేక్‌హ్యాండ్ ఇస్తుంది, నిజమే, కానీ అది కావాలని చేసే పని. భయం అలా కాదు కదా. ఉరుముకి ఉలిక్కిపడి ఏడ్చిన పిల్లాడి చేతిలో లడ్డూ పెట్టారనుకోండి, వాడు రేపు లడ్డూ కోసం ఉలిక్కిపడడు. రాజు మీ ఒళ్ళోకి వస్తే నిక్షేపంగా రానివ్వండి, నిమరండి. రాకుండా మూలకి పోతే మాత్రం వెంటపడి లాక్కొచ్చి వాటేసుకోకండి, అంతే తేడా.

ఇక మీ వారు చేసింది. చాలా ఇళ్ళల్లో మగాళ్ళు ఇదే చేస్తారు, మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ నా అనుభవంలో భయాన్ని పదింతలు చేసేది ఇదే. చప్పుడు ఎంత సన్నగా, కీచుగా ఉందో హెర్ట్జ్‌లలో కొలుస్తారు, మనకి 20 వేల హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్కకి దాదాపు 45 వేల దాకా వినిపిస్తుంది. మన దేశంలో నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాకా మోగే టపాసుకి రూల్స్ ప్రకారమే పర్మిషన్ ఉంది, పైగా ఆ చప్పుడు ఎక్కణ్ణించి వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో కుక్కకి తెలీదు, మనకంటే కాలెండర్ ఉంది. పారిపోవడానికి దారి లేకుండా గొలుసేసి నిలబెడితే అలవాటు పడదు, టపాసులతో పాటు డాబాకీ గొలుసుకీ కూడా భయపడటం మొదలెడుతుంది.

మరేం చెయ్యాలంటే, 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పని గుర్తు తెచ్చుకోండి. కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లాడికి, వాడికిష్టమైనవి తింటున్నప్పుడు కుందేలు బోనుని దూరంగా పెట్టించింది, వాడు తిండి మానకుండా ఉన్నంత మేరకే రోజురోజుకీ కాస్త దగ్గరికి జరుపుతూ వచ్చింది. చివరికి పిల్లాడు కుందేల్ని నిమిరాడు. రాజుకి మీరు చెయ్యాల్సింది కూడా అచ్చం ఇదే, కుందేలు బదులు చప్పుడు. ఫోన్లో టపాసుల రికార్డింగ్ పెట్టి, బ్లూటూత్ స్పీకర్ ఉంటే దానికి కలిపి, సౌండ్ ఎంత తక్కువంటే చెవి కదిలించాలి గానీ లేవకూడదు, అంత తక్కువలో మొదలెట్టండి. చప్పుడు ముందు, వెంటనే ఉడికించిన చికెన్ ముక్క. ఈ వరస తప్పకూడదు, ముక్క ముందు చూపించి తర్వాత చప్పుడు పెడితే, రెండ్రోజుల్లో చికెన్ కనపడగానే "అమ్మో ఏదో మోగబోతోంది" అని పారిపోతుంది. రోజుకి ఐదు నిమిషాలు చాలు. తినడం మానేసినా, మూతి నాక్కుంటున్నా, ఊరికే ఆవలిస్తున్నా, తోక కాళ్ళ మధ్య పెట్టినా మీరు ఎక్కువ పెంచేసినట్టు, వెనక్కి తగ్గండి. ఒక వారం ఏ మార్పూ కనపడకపోయినా కంగారు పడకండి. ఇంట్లో తలుపు దభీమన్నా, గిన్నె కింద పడ్డా, కుక్కర్ విజిలేసినా కూడా ఒక ముక్క పడెయ్యండి, పెద్ద చప్పుడైతే ఏదో మంచి జరుగుతుందని దాని బుర్రకి ఎక్కాలి. స్పీకర్‌లో గుండె అదిరే ఆ దెబ్బ రాదు కాబట్టి పండగనాటికి పూర్తిగా నయమైపోతుందని అనుకోకండి, కానీ తేడా తెలుస్తుంది.

మీ ఉత్తరం శ్రావణంలోనే వచ్చింది, మంచి పని చేశారు. చాలామంది నరక చతుర్దశి సాయంత్రం ఫోన్ చేస్తారు, అప్పుడు నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు. మధ్యలో నిమజ్జనం డీజేలు కూడా ఉన్నాయి, ఆ రోజుల్లో ప్రాక్టీసు ఆపేసి ఇంట్లోనే ఉంచండి.

దీపావళి నాడు మూడు నాలుగింటికల్లా వాకింగ్, అవసరాలు అన్నీ కానిచ్చేయండి. రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, మన వీధుల్లో ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో మీకు తెలియనిది కాదు. మెడ పట్టీ ఒక్కటే నమ్ముకోకండి, ఊరకుక్కలకి తల సన్నం, వెనక్కి లాగితే జారిపోతుంది, ఛాతీకి కట్టే హార్నెస్ కొనండి, మెడలో మీ ఫోన్ నంబరున్న బిళ్ళ ఎలాగూ ఉండాలి. రాజు బాత్రూం ఎంచుకున్నాడంటే తెలివైనోడే, మీ ఇంట్లో చప్పుడు తక్కువ వినిపించేది అక్కడే అయ్యుంటుంది. అక్కడే పాత దుప్పటి, నీళ్ళ గిన్నె పెట్టి, కిటికీ మూసి, తలుపు మాత్రం తీసి, హాల్లో ఫ్యానూ టీవీ వేసి ఉంచండి.

నిద్రమాత్ర మాటెత్తకండి, మెడికల్ షాపులో మనుషులకిచ్చేవి అసలే వద్దు. ఎసిప్రోమజీన్ అని పాతకాలం మందొకటుంది, అది ఒక్కటే వేస్తే ఒళ్ళు కదలదు గానీ లోపల భయం భయంగానే ఉంటుంది, చూసేవాళ్ళకి పడుకున్నట్టుంటుంది, అంటే మనకి నిద్ర, దానికి నరకం. భయాన్నే తగ్గించే మందులు వేరే ఉన్నాయి, ట్రజడోన్, గాబాపెంటిన్ లాంటివి, బరువు చూసి మీ వెటర్నరీ డాక్టరే ఇస్తారు. పండక్కి రెండు వారాల ముందే వెళ్ళి, ఒక మామూలు రోజు ఒక డోసు వేసి చూసుకోండి, ఎలా పడుతుందో తెలుస్తుంది. మందు వాడితే ఓడిపోయినట్టేం కాదు.

ప్రశ్న: సార్, పెద్ద పిల్లిని అడాప్ట్ చేసుకున్నాం, ఆరు రోజులైంది, వాషింగ్ మెషీన్ వెనక నుంచి రాదు. రాత్రి మేం పడుకున్నాక తింటోంది. పగలు బయటికి లాగి ఒళ్ళో పెట్టుకుంటే గీరేసింది. – హైదరాబాద్

జవాబు: గీరకేం చేస్తుంది, మీరు లాగారు కదా! ముందు ఆ లాగుడు ఆపండి. రాత్రి తింటోంది కాబట్టి నాకు పెద్ద దిగుల్లేదు, ఎప్పుడైనా ఒక రోజంతా ఏమీ తినకపోతే మాత్రం ఆగకుండా డాక్టరుకి చూపించండి, తిండి మానేసిన పిల్లికి లివర్ త్వరగా దెబ్బతింటుంది. ఒక చిన్న గదిలో అట్టపెట్టె బోర్లించి గుమ్మంలా కోసి, లిట్టర్ ట్రే (అది దొడ్డికెళ్ళే పళ్ళెం) ఒక మూల, తిండి ఇంకో మూల పెట్టి దాన్ని అక్కడే ఉండనివ్వండి. మీరు రోజూ కాసేపు నేల మీద కూర్చుని ఫోన్ చూసుకోండి, దాన్ని చూడకండి. అది చూస్తే మెల్లగా కళ్ళు మూసి తెరవండి. నవ్వొద్దు, 2020లో ఇంగ్లండ్‌లో టెస్ట్ చేస్తే, ఇలా కళ్ళార్పిన కొత్తవాళ్ళ దగ్గరికి పిల్లులు ఎక్కువ వచ్చాయి. తిండి గిన్నె రోజుకో జానెడు మీ వైపు జరపండి.

ప్రశ్న: సార్, మా లాబ్రడార్‌కి తొమ్మిదేండ్లు. ఇన్నేండ్లు ఉరుములు ఉరిమినా లేవకపోయేది, ఈ వానకాలం నుంచి సోఫా వెనక దాక్కుంటుంది. ముసలితనమేనా? – కరీంనగర్

జవాబు: ఉట్టి ముసలితనం అని వదిలెయ్యకండి, నాకైతే నడుమూ తుంట్ల మీద అనుమానం. ఎక్కడో నొప్పి ఉన్న కుక్క చప్పుడుకి ఉలిక్కిపడి ఒళ్ళు బిగించేసరికి నొప్పి ఇంకా పెరుగుతుంది, అప్పుడది చప్పుడుకీ నొప్పికీ ముడిపెట్టుకుంటుంది. 2018లో బ్రిటన్, బ్రెజిల్ పరిశోధకులు చూసిన కుక్కల్లోనూ, కీళ్ళూ కండరాల నొప్పులున్నవాటికి చప్పుడు భయం పెద్దయ్యాక మొదలైంది. మెట్లెక్కడానికి ఆలోచిస్తోందా, లేచేటప్పుడు వెనక కాళ్ళు కూడదీసుకుంటోందా చూసి, ఒక వీడియో తీసి డాక్టరుకి చూపించండి, క్లినిక్‌కి వెళ్ళగానే ఇవన్నీ బాగానే నడుస్తాయి, దొంగలు. ఈలోగా టైల్స్ మీద గోనెపట్టాలు పరవండి, కాలు జారకుండా ఉంటది.