సంఘంలో దెబ్బ తిన్నాక సేవ పిలుపు మిగిలి ఉంటుందా?

వందనాలు సిస్టర్. దేవుని సేవకు వెళ్లాలని చిన్నప్పటి నుంచి అనుకున్నారు, బైబిల్ ట్రైనింగ్‌కి దరఖాస్తు పెట్టబోతుంటే సంఘ పెద్దలు నలుగురిలో అవమానించారు. ఇప్పుడు ఆదివారం వస్తుందంటేనే టెన్షన్, అసలు దేవుడు నన్ను సేవకు పిలిచిన పిలుపు నిజమేనా అని అడిగారు.

మాది పశ్చిమ గోదావరి వైపు పల్లె. సండే స్కూల్ నేనే చూసేదాన్ని. గుడి కట్టడానికి వచ్చిన కానుకల లెక్క సంఘంలో చదవమని అడిగాను. తర్వాతి ఆదివారం పాస్టరు అయ్యగారి ప్రసంగం సంఖ్యాకాండం 16వ అధ్యాయం, మోషే మీద కోరహు చేసిన తిరుగుబాటు. భూమి నోరు తెరిచి మింగడం గురించే ఎక్కువసేపు చెప్పారు. నా పేరు ఎత్తలేదు, ఎత్తాల్సిన పనీ లేదు. చాప మీద నా పక్కనున్న పిన్ని మెల్లిగా అవతలికి జరిగింది. ఆ వారంలోనే హాజరు పుస్తకం, బీరువా తాళం అప్పజెప్పమని కబురొచ్చింది.

మీకూ ఎవరో ఒకరు 105వ కీర్తన చూపించి, అభిషిక్తుల్ని, అంటే దేవుడు ఏర్పరచుకున్నవాళ్లని, ముట్టకూడదంటారు. ఆ కీర్తన పైనుంచి చదవండి. ఊరూరూ తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల జోలికి రావద్దని దేవుడు రాజుల్ని గద్దించిన మాట అది. లెక్క అడిగినవాళ్ల నోరు మూయించడానికి కాదు. పౌలైతే చందా డబ్బు విషయంలో తన మీద ఎవరూ నింద వెయ్యకూడదని, సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంటబెట్టుకున్నాడు. రెండో కొరింథీ 8లో ఉంది.

ఇది తెలిసినంత మాత్రాన నొప్పి పోలేదులెండి. కొన్ని నెలలు ప్రార్థన రాలేదు. కీర్తన ఎత్తుకోబోతే గొంతు పట్టేసేది. పక్క ఊరి సంఘంలో వెనక కూర్చుని, ఆశీర్వాదం కాగానే వచ్చేసేదాన్ని. అక్కడ నన్ను ఎవరూ ఏమీ చెయ్యమనలేదు, అదే మేలైంది. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడి చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు నిద్ర పోనిచ్చాడు, తిండి పెట్టించాడు. చెయ్యాల్సిన పని సంగతి ఆ తర్వాత. మీరు కూడా ఇప్పుడే తేల్చుకోవద్దు.

పిలుపు సంగతి నాకు తేలింది ప్రార్థనలో కాదు. మా వీధి పిల్లలు శనివారం సాయంత్రం వచ్చి, ఈ వారం కంఠత వాక్యం ఏంటక్కా అన్నారు. ఒకడు పలక కూడా తెచ్చుకున్నాడు. హాజరు పుస్తకం సంఘ కమిటీ దగ్గరుంది, పిల్లలు మా అరుగు మీదున్నారు. కమిటీ ఇచ్చిన పదవిని కమిటీ తీసుకుంది. ఈ పని కమిటీ ఇచ్చింది కాదు కదా!

అప్పట్లో నన్ను నిలబెట్టింది అజరయ్య గారి కథ. తిరునల్వేలి వైపు నుంచి డోర్నకల్‌కి సేవకు వచ్చిన మనిషి. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, మీరు మాకోసం అన్నీ త్యాగం చేశారు గానీ మాకు స్నేహితులు కావాలి అని తెల్ల మిషనరీల ముఖం మీదే చెప్పారు. చాలామందికి అది మింగుడు పడలేదు. ఆయన నోరు మూసుకోనూ లేదు, డోర్నకల్ వదలనూ లేదు. 1912లో అక్కడే బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు.

క్షమించడమంటే మళ్లీ అదే మనిషి చేతి కింద కూర్చోవడం కాదు. మీకు జరిగింది మాటలతో ఆగకుండా చెయ్యి వేసేదాకా వెళ్లి ఉంటే, అది ఉపవాస ప్రార్థనతో సర్దుకునేది కాదు, పోలీసు కేసు. అలాంటిదేమైనా ఉంటే ముందు ఇంట్లో నమ్మకమైన వాళ్లకి చెప్పండి.

ఇక దరఖాస్తు. సంఘం నుంచి సిఫారసు లేఖ అడుగుతారు కాబట్టే మీ భయమంతా అనుకుంటాను. కాలేజీకి ఫోన్ చేసి, మిమ్మల్ని ఎరిగిన వేరే పాస్టరు గారి లేఖ చెల్లుతుందా అని అడగండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అయ్యగారిని తిట్టకుండా. ఈ ఏడాది కుదరకపోతే వచ్చే ఏడాది. ఈలోపు మీ వీధిలో పిల్లలుంటారు కదా, వేసవి సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతుల (వీబీఎస్) పాటలతో మొదలుపెట్టండి.