పూత లేచిన నాన్‌స్టిక్ పెనం

ప్రశ్న: మా నాన్‌స్టిక్ దోసె పెనం గీతలు పడి, నల్లటి పొరలు దోసెకు అంటుకొస్తున్నాయి. కేన్సర్ వస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ పొర కడుపులోకి వెళ్లినా అరగదు, ఒంటికి పట్టదు, అలాగే బయటికి పోతుంది. కేన్సర్ భయమంతా ఈ పూత తయారీలో ఒకప్పుడు వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనం గురించి. అమెరికాలోని పెద్ద కంపెనీలు 2015 నాటికి దాన్ని మానేశాయి. అయితే 'పీఎఫ్‌ఓఏ ఫ్రీ' అని రాసి ఉందని ధైర్యంగా మంట పెంచేయకండి. అసలు జాగ్రత్త పడాల్సింది వేడి దగ్గరే. నాన్‌స్టిక్ పెనాలకు వేసే టెఫ్లాన్ పూత సుమారు 260 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలేస్తే కొద్ది నిమిషాల్లోనే అది దాటిపోతుంది. 350 దాటితే వచ్చే పొగకు జ్వరం, ఛాతీ పట్టేయడం ఉంటాయి. ఇంట్లో చిలకలుంటే ఆ పొగ వాటి ప్రాణాలకే ముప్పు. అందుకే ముందు చెంచాడు నూనె రాసి, మధ్యస్థ మంట మీదే పెట్టండి. చెక్క గరిటె, మెత్తటి స్పాంజి వాడండి. కాలే పెనం మీద చన్నీళ్లు పోస్తే రేకు వంగి పూత లేస్తుంది. మీ పెనం మాత్రం మార్చేయండి. దోసెలకైతే ఇనుప పెనమే మేలు.