టెక్ సందేహాలు: ఇంటి ముందు నిలిపిన కారుకు కాపలా

మన రాయలసీమ పట్టణాల్లో పాత కాలనీలు కట్టినప్పుడు ఇంటికో స్కూటర్ ఉంటే గొప్ప. గేటు, వరండా, నీళ్ల తొట్టి అన్నీ ఆ లెక్కన కట్టుకున్నవే. ఇప్పుడు ఆ ఇళ్లకే కార్లొచ్చాయి. లోపల చోటు లేదు కాబట్టి రాత్రంతా బండి వీధిలోనే ఉంటుంది. ఈమధ్య నాకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ వీటి గురించే. అద్దం పగిలింది, బ్యాగ్ పోయింది, కెమెరా ఉండి కూడా లాభం లేకపోయింది అని. అందుకే ఈసారి ఫోన్లు, ప్రింటర్ల సందేహాలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను.

*అన్నా, మా ఇంటికి నాలుగు సీసీ కెమెరాలు ఉన్నాయి, అన్నీ రెండు మెగాపిక్సెల్‌వి. మొన్న రాత్రి మా గేటు ముందున్న కారు అద్దం పగలగొట్టి బ్యాగ్ ఎత్తుకుపోయినారు. ఫుటేజీలో మనిషి వచ్చిందీ పోయిందీ కనిపిస్తోంది గానీ మొహం తెలియడం లేదు. వీటిని తీసేసి 4కె కెమెరాలు పెట్టించమంటారా? (సాయినగర్, అనంతపురం)*

తొందరపడి డబ్బు పెట్టకండి. ముందు మీ కెమెరా లెన్స్ ఎంతో చూడండి. పెట్టె మీదో, కెమెరా అడుగున స్టిక్కర్ మీదో 2.8, 3.6, 6 అని మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. ఇళ్లకు బిగించేవాళ్లు ఎక్కువగా 2.8 గానీ 3.6 గానీ పెడతారు. వీధి ఈ మూల నుంచి ఆ మూల దాకా టీవీలో కనిపిస్తే ఇంటాయనకు తృప్తిగా ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. 2.8 లెన్స్ పది మీటర్ల దూరంలో ఇరవై మీటర్లకు పైగా వెడల్పును ఒకేసారి చూస్తుంది. రెండు మెగాపిక్సెల్ చిత్రంలో అడ్డంగా ఉండేవి 1920 చుక్కలు (పిక్సెల్స్). వాటిని అంత వెడల్పుకు పంచితే మీటరుకు తొంభై లోపే వస్తాయి. ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకు 250 చుక్కలు కావాలని సీసీ కెమెరాలకు ఐరోపా వాళ్లు పెట్టుకున్న ప్రమాణం చెబుతుంది. అదే లెన్స్‌తో 4కె పెట్టినా చుక్కలు రెట్టింపు అవుతాయి గానీ ఆ లెక్కకు చేరవు.

నాలుగింటిలో మూడు అలాగే ఉండనివ్వండి. ఒక్కదాన్ని మాత్రం తక్కువ వెడల్పును దగ్గరగా చూపే 6 మిల్లీమీటర్ల లెన్స్‌ది పెట్టించి, కారు తలుపుకు ఆరేడు మీటర్ల లోపు నుంచి, కారు నిలిచే చోటికే గురిపెట్టండి. డాబా పిట్టగోడ మీద వద్దు. అంత ఎత్తు నుంచి టోపీ, నడినెత్తి తప్ప ఏమీ పడవు. గేటు స్తంభం మీద ఏడెనిమిది అడుగుల ఎత్తున అయితే మొహం పడుతుంది. ఎదురింటి వరండా ఫ్రేములోకి వస్తుంటే సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, ఆ భాగాన్ని నల్లగా కప్పేయండి. ఇరుగుపొరుగు దగ్గర మాట పడకుండా ఉంటుంది.

ఇంకొకటి, రాత్రిపూట నిచ్చెన వేసుకుని కెమెరా దగ్గరికి వెళ్లి చూడండి. లెన్స్ చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ బల్బులకు చిన్న చిన్న పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. పగలు కంటికి కూడా ఆనని ఒక్క పోగు రాత్రి ఆ కాంతిలో తెల్లటి తాడులా మెరిసి సగం బొమ్మను తినేస్తుంది. నెలకోసారి మెత్తటి బట్టతో తుడవండి. కెమెరా ఉన్న గోడ మీద కాకుండా దానికి కాస్త దూరంగా ఒక మామూలు ఎల్ఈడీ బల్బు రాత్రంతా వెలిగేలా చూడండి. వెలుతురుంటే కెమెరా రంగుల్లో తీస్తుంది. చొక్కా ఏ రంగో, బండి ఏ రంగో పోలీసులకు చెప్పగలుగుతారు.

రెండేళ్ల క్రితం కర్నూలు వెంకటరమణ కాలనీలో నా కారుకే ఇది జరిగింది. పొద్దున పాల ప్యాకెట్ కోసం బయటికి వస్తే వెనక సీటు నిండా పటిక ముక్కల్లా అద్దం పెంకులు. బ్యాగ్ లేదు. ఎదురింట్లో కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె, అదే డీవీఆర్ ఉంది, నలుగురం కూర్చుని రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా తిప్పాం. ఏమీ లేదు. చివరికి తెలిసిందేమిటంటే, ఎప్పుడో కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ డీవీఆర్ గడియారం తప్పింది. మూడు గంటలకు పైగా వెనక నడుస్తోంది. మేం వెతకాల్సిన భాగం ముందు రోజు రాత్రి పది గంటల దగ్గర ఉంది. అది తెలిసేసరికి పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేసింది. ఆ రోజు పడ్డ బాధ ఇంకొకరు పడకూడదనే ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి ఈ రోజే మీ డీవీఆర్ మెనూలోకి వెళ్లండి. ఇంటర్నెట్ ఉంటే ఎన్‌టీపీ అనే సెట్టింగ్ ఆన్ చేసి, టైమ్ జోన్ ప్లస్ 5:30 పెట్టండి. గడియారం తనంతట తానే సరిచేసుకుంటుంది. ఇంటర్నెట్ లేకపోతే నెలకోసారి ఫోన్‌లో టైమ్‌తో సరిచూడండి. హార్డ్ డిస్క్ ఎన్ని రోజులు పట్టుకుంటుందో కూడా లెక్క వేసుకోండి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున తీస్తే ఒక్కో కెమెరాకు రోజుకు దాదాపు 21 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్క్ పదకొండు రోజులు వస్తుంది. తిరునాళ్లకో, పెళ్లికో ఊరెళ్లి పదిహేను రోజులకు వచ్చేవాళ్లకు అది చాలదు. కొన్నప్పుడు ఇచ్చిన పాస్‌వర్డ్ ఇంకా అలాగే ఉంటే అది కూడా మార్చండి. కొత్తలో పెట్టేది చాలా ఇళ్లకు ఒకటే ఉంటుంది.

ఫుటేజీ దొరికితే టీవీ తెరను ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపడంతో సరిపెట్టకండి. డీవీఆర్ నుంచే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డుకు ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు నింపుతారు. స్టేషన్‌లో అడిగితే నమూనా చూపిస్తారు.

*సార్, కొత్తగా కొన్న కారుకు పుష్ బటన్ స్టార్ట్ ఉంది. తాళం వీధి తలుపు పక్కన మేకుకు తగిలిస్తాం. తాళం ఇంట్లో ఉండగానే బయట కారు తెరిచేస్తారని మా పిల్లలు చెబుతున్నారు. నిజమేనా? తాళం సిగ్నల్‌ను ఆపుతుందని అమ్మే పౌచ్ కొనాలా? (ఎర్రముక్కపల్లి, కడప)*

నిజమే అమ్మా. దీన్ని రిలే దొంగతనం అంటారు. మీరు హ్యాండిల్ ముట్టుకోగానే కారు సన్నని సిగ్నల్‌తో 'తాళం దగ్గర్లో ఉందా' అని పిలుస్తుంది. తాళం వింటే జవాబిస్తుంది. మామూలుగా ఆ పిలుపు మీటరు, మీటరున్నర దాటి పోదు. దొంగలు ఇద్దరు వస్తారు. ఒకడు కారు దగ్గర, ఇంకొకడు మీ తలుపు దగ్గర చిన్న పెట్టెలు పట్టుకుని ఆ పిలుపును దూరానికి మోసుకెళతారు. తాళం పక్కనే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది.

మొదటి పని, ఆ మేకును వీధి తలుపు దగ్గర నుంచి లోపలి గదికి మార్చండి. పౌచ్ కొంటే కొన్న రోజే పరీక్షించండి. తాళం అందులో వేసి చేతిలో పట్టుకుని కారు తలుపు తీయడానికి చూడండి. తెరుచుకుంటే ఆ పౌచ్ వెనక్కి ఇచ్చేయండి. బాగా పనిచేసేది కూడా మడత దగ్గర లోపలి పొర చిరిగి కొన్నాళ్లకు పాడవుతుంది, రెండు మూడు నెలలకోసారి మళ్లీ చూడాలి. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా కూడా పనికిరావచ్చు, దాన్నీ ఇలాగే పరీక్షించండి. తాళం జేబులో ఉంటే చాలు, ముట్టుకోగానే తలుపు తెరుచుకునే ఈ ఏర్పాటును కీలెస్ ఎంట్రీ అంటారు, కొన్ని కార్లలో దాన్ని మెనూలోనే ఆపేయవచ్చు. మాన్యువల్ చూడండి, లేదా సర్వీసుకు ఇచ్చినప్పుడు అడగండి.

అయితే నాకు వచ్చే ఉత్తరాల్లో ఇంత తెలివైన దొంగతనాలు తక్కువ. తాళం పడని కారే ఎక్కువ. రిమోట్ నొక్కి వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోతాం. బ్యాటరీ బలహీనపడి ఉండొచ్చు, ఎవరైనా జామర్‌తో సిగ్నల్‌ను అడ్డుకుని ఉండొచ్చు, ఒక తలుపు సరిగ్గా పడకపోయి ఉండొచ్చు. రిమోట్ నొక్కాక ఇండికేటర్లు వెలిగాయా అని చూసి, హ్యాండిల్ ఒకసారి లాగి చూడండి. కీలెస్ కారైతే తాళం జేబులో ఉంటే హ్యాండిల్ ముట్టుకోగానే మళ్లీ తెరుచుకుంటుంది, కాబట్టి లాగి చూసే పని తాళం లేని మనిషికి చెప్పండి.

*కారులో దాచడానికి ఎయిర్‌ట్యాగ్ సరిపోతుందా, జీపీఎస్ ట్రాకరే కావాలా? ట్రాకర్‌కు ఏటా రీచార్జ్ చేయించాలంటున్నారు. (బి క్యాంపు, కర్నూలు)*

రెండూ వేర్వేరు పనులకు. ఎయిర్‌ట్యాగ్ అంటే వస్తువు ఎక్కడుందో చెప్పే ఆపిల్ వాళ్ల చిన్న బిళ్ల. అందులో జీపీఎస్ లేదు, సిమ్ లేదు. దగ్గర్లో వెళ్లే ఐఫోన్లు దాని బ్లూటూత్‌ను విని మీకు చోటు చెబుతాయి. ఐఫోన్లు తక్కువ తిరిగే పల్లెదారిలో కారు ఉంటే గంటల తరబడి కబురు రాదు. పైగా ఎవరినీ రహస్యంగా వెంబడించకుండా, తెలియని ట్యాగ్ వెంట వస్తోందని ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ హెచ్చరిస్తాయి. అంటే దొంగకు కూడా తెలుస్తుంది. కారుకైతే సిమ్ ఉన్న ట్రాకరే నయం. అది కూడా స్టీరింగ్ కింద మెకానిక్‌లు తమ పరికరం తగిలించే ఓబీడీ సాకెట్‌లో గుచ్చేది వద్దు, చేయి పెట్టి లాగితే ఊడిపోతుంది. సొంత బ్యాటరీ ఉండి, వైరుతో లోపల బిగించేది తీసుకోండి. వైరింగ్ కోయకుండా కప్లర్‌తో బిగించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. కోస్తే వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

ట్యాగ్‌ను లాప్‌టాప్ బ్యాగ్‌లో పెట్టుకోండి, అక్కడ బాగా పనికొస్తుంది. కారులో పెట్టాలంటే మాత్రం సీటు కిందే. ఎయిర్‌ట్యాగ్ 60 డిగ్రీల దాకానే పనిచేస్తుందని ఆపిల్ చెబుతోంది. మే నెలలో మన ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు ఆ అంకెను సులువుగా దాటుతుంది.

*డ్యాష్‌క్యామ్‌కు పార్కింగ్ మోడ్ పెట్టించినాక మూడో రోజు పొద్దున బండి స్టార్ట్ కాలేదు. మెకానిక్ బ్యాటరీ మార్చాలంటున్నాడు. (కమలానగర్, అనంతపురం)*

బ్యాటరీ మార్చే ముందు బాగా చార్జ్ చేయించి పరీక్షించమనండి. పార్కింగ్ మోడ్ అంటే బండి ఆపినాక కూడా కెమెరా పనిచేస్తూనే ఉంటుంది. నాలుగైదు వాట్లే తింటుంది గానీ రాత్రింబవళ్లు తింటుంది. రోజుకు ఎనిమిది నుంచి పది యాంపియర్ అవర్లు పోతాయి. చిన్న కారు బ్యాటరీ మొత్తం 35 దగ్గర ఉంటుంది. మూడు రోజులు బండి తీయకపోతే స్టార్ట్ కాకపోవడం సహజమే. వోల్టేజ్ పడితే కరెంటు ఆపేసే కట్ ఆఫ్ ఉన్న హార్డ్‌వైర్ కిట్ పెట్టించి, దాన్ని 12.2 వోల్టుల దగ్గర సెట్ చేయించండి. ఇకముందు కొనేవాళ్లు లోపల లిథియం బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉన్న డ్యాష్‌క్యామ్ అడిగి తీసుకోండి. మన ఎండలకు లిథియం ఉబ్బుతుంది.

*మాది ఈకో వ్యాన్, పిల్లల్ని బడికి తిప్పుతాను. ఈ బండ్ల సైలెన్సర్లు కోసుకుపోతున్నారంట. ఏదైనా అలారం ఉందా? (కడప)*

సైలెన్సర్‌తో పాటు ఉండే, పొగలోని విషాన్ని తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలు కొంచెం కొంచెం ఉంటాయి, దొంగ చూపంతా వాటి మీదే. మన దేశంలో ఈకో బండ్లకు ఈ బెడద చాలా రాష్ట్రాల్లో కనిపించింది. అలారం కంటే వెల్డింగ్ షాపులో అడుగున ఇనుప జాలీ కొట్టించడం నయం. దాని బోల్టులు మామూలు పానాతో విప్పేవి కాకుండా చూసుకోండి. జాలీ బిగించేటప్పుడు పొగ గొట్టం వేడి తగిలే వైర్లు లేకుండా దగ్గరుండి చూడండి. పిల్లలు ఎక్కే బండి.

*నిన్న రాత్రి కారు అద్దం పగలగొట్టి ఆఫీసు లాప్‌టాప్, పాత ఫోన్ ఎత్తుకెళ్లారు. చాలా టెన్షన్‌గా ఉంది. మొదట ఏం చేయాలి? (నంద్యాల రోడ్డు, కర్నూలు)*

అద్దం పెంకులు ఊడ్చేయకముందే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. వెంటనే ఇంకో ఫోన్ నుంచి మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల్లోంచి సైన్ అవుట్ అనే మీట నొక్కండి. పాస్‌వర్డ్లలో అన్నిటికంటే ముందు ఈమెయిలే, ఎందుకంటే బ్యాంకు పాస్‌వర్డ్ మార్చే లింకు కూడా అక్కడికే వస్తుంది. తర్వాత బ్రౌజర్‌లో దాచుకున్న బ్యాంకు, షాపింగ్ పాస్‌వర్డ్లు. ఆఫీసుకు ఈరోజే చెప్పండి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా మార్చి) ఉంటే లోపలి ఫైళ్లు దొంగకు అందవు, ఆఫీసువాళ్లు కూడా తమవైపు నుంచి ఆ లాప్‌టాప్‌ను కట్టడి చేయగలరు. బ్యాగ్‌లో చెక్ బుక్, ఏటీఎం కార్డు ఉంటే బ్యాంకుకు ఫోన్ చేసి ఆపించండి.

ఫిర్యాదు ఆలస్యం చేయకండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) చట్టం 173వ సెక్షన్ ప్రకారం ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఫిర్యాదు కాపీ చేతికి రాగానే కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో ఫోన్ ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి బ్లాక్ చేయించండి. ఐఎంఈఐ ఫోన్ పెట్టె మీద ఉంటుంది. లాప్‌టాప్ సీరియల్ నంబర్ బిల్లు మీద దొరుకుతుంది, అది ఫిర్యాదులో తప్పకుండా రాయించండి. దొరికిన లాప్‌టాప్ మీదేనని చూపించడానికి ఆ నంబరే ఆధారం. కారుకు ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగిన నష్టానికి) బీమా ఉంటే అద్దం ఖర్చు వస్తుంది. లాప్‌టాప్‌కు మామూలు పాలసీలో రాదు, వ్యక్తిగత వస్తువుల యాడ్ ఆన్ (పాలసీకి అదనంగా తీసుకునే రక్షణ) తీసుకున్నారేమో చూసుకోండి.

కారులో ఆర్సీ, ఇన్సూరెన్స్ అసలు కాగితాలు కూడా పోయి ఉంటే వాటినీ ఫిర్యాదులో చేర్చండి. ఇకముందు అవి ఇంట్లోనే ఉండనివ్వండి. డిజిలాకర్, ఎం పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో ఉన్న కాపీలు అసలు వాటితో సమానమని కేంద్రం 2018లోనే చెప్పింది.