బండి లిఫ్టు సరే, ఇంట్లో నిల్వ 22 రోజులకే ఉంది

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను, చేతికి నెలకు 64,000 రూపాయలు వస్తాయి. భార్య, పాప, అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. ఇంటి రుణం ఈఎంఐ 19,500, సరుకులకు 18,000, పాప బడికి 6,500, అమ్మ మందులకు 3,000, పెట్రోలు, కరెంటు, ఫోన్లకు 5,000 అవుతున్నాయి. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే పొదుపు) 5,000 కడుతున్నాను. బ్యాంకులో 38,000 ఉన్నాయి, దీపావళికి 45,000 బోనస్ వస్తుంది. నా దగ్గర బుల్లెట్ 350, ఆర్‌ఎక్స్ 100, నాన్న వాడిన యెజ్డీ ఉన్నాయి. నెలకు రెండు ఆదివారాలు వాటి పని నేనే చేసుకుంటాను. కింద కూర్చుని చేయడం వల్ల నడుము నొప్పి వస్తోంది కాబట్టి పోర్టికోలో లిఫ్ట్ టేబుల్ (బండిని పైకి లేపి నిలబెట్టే బల్ల) పెట్టించాలనుకుంటున్నాను. కాలితో తొక్కే రకం 36,000, గాలితో లేచే రకం 48,000, దానికి కంప్రెసర్ 22,000, కరెంటు మోటారు రకం 85,000 చెప్పారు, జీఎస్టీ అదనం. గాలి రకం తీసుకుందామని ఉంది. రవాణా, నేల కాంక్రీటు, పనిముట్లు కలిపి 1,20,000 అవుతుంది. ఒక యాప్ 16 శాతం వడ్డీకి రెండేళ్ల గడువుతో ఇస్తానంటోంది. స్నేహితుల బండ్లు సర్వీసు చేస్తే బండికి 500 మిగులుతుంది, ఈఎంఐ దానితోనే తీరిపోతుంది. ఏ రకం కొనమంటారు?

జవాబు: మీరు లిఫ్టు గురించి అడిగారు, దానికి సమాధానం కూడా ఇస్తాను. అయితే ఇన్ని ఉత్తరాల మధ్య మీ ఉత్తరాన్ని పక్కకు తీసి పెట్టుకోవడానికి కారణం లిఫ్టు కాదు, చివర మీరు రాసిన "ఈఎంఐ దానితోనే తీరిపోతుంది" అన్న ఒక్క మాట. కుట్టు మిషను కొనేవారు, కెమెరా కొనేవారు, డాబా మీద జిమ్ సామాను దించుకునేవారు అందరూ ఇదే మాట అంటారు. సరదా కోసం కొనే వస్తువు తన అప్పును తానే తీర్చుకుంటుందని నమ్మిన క్షణం నుంచి, ఇంట్లో అత్యవసర నిధి ఎంత ఉందన్న ప్రశ్న ఎవరికీ గుర్తుకు రాదు. మీరు కూడా ఖాతాలో ఉన్న 38,000 సంగతిని, అదేదో పెద్ద విషయం కానట్టు, సిప్ వివరం పక్కన ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు.

మీరిచ్చిన ఖర్చులను కూడితే నెలకు 52,000 అవుతుంది. ఇందులో విలాసం ఒక్కటీ లేదు, అన్నీ తప్పనిసరివే. రేపు జీతం ఆగిపోతే 38,000 రూపాయలతో మీ ఇల్లు 22 రోజులు నడుస్తుంది. ఇరవై మూడో రోజు నుంచి చేబదులు వేట మొదలవుతుంది. సంపాదించేవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 3,12,000 రూపాయలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చేతికందే చోట ఉండాలి. అంత ఒక్కసారిగా కుదరదని నాకు తెలుసు. కాని మూడు నెలల ఖర్చు 1,56,000 పోగుపడకుండా, అప్పుతో కాదు కదా, సొంత డబ్బుతో కూడా లిఫ్టు కొనకూడదన్నది నా స్థిరమైన అభిప్రాయం.

ఉద్యోగం పోవడం ఒక్కటే ప్రమాదమని అనుకోకండి. అర్ధరాత్రి అమ్మగారిని ఆసుపత్రికి తీసుకువెళితే కౌంటరు దగ్గర ముందుగా అడిగేది డిపాజిట్. అమ్మగారు మీ కంపెనీ ఆరోగ్య బీమాలో ఉన్నారో లేదో మీరు రాయలేదు. చాలా కంపెనీల పాలసీలు ఉద్యోగితో, భార్యాపిల్లలతోనే ఆగిపోతాయి. ఆ రాత్రి మీ పోర్టికోలో ఉన్న లిఫ్టు పైసా సాయం చేయదు. వంద కిలోలు దాటిన ఆ ఇనుమును తెల్లారేసరికి ఎవరూ కొనరు, కొనడానికి వచ్చినవాడు సగం ధరకు బేరమాడతాడు. ఈలోగా ఇంటి రుణం వాయిదా ఒక్కటి బౌన్స్ అయినా బ్యాంకు జరిమానాతో పాటు మీ క్రెడిట్ చరిత్రలో మచ్చ మిగులుతుంది.

ఇక ఆ యాప్ అప్పు. 1,20,000 రూపాయలను 16 శాతం వడ్డీతో 24 నెలల్లో తీర్చాలంటే వాయిదా సుమారు 5,876 రూపాయలు, మొత్తం కట్టేది దాదాపు 1,41,000. ప్రాసెసింగ్ రుసుము ఇందులో లేదు. ఖర్చులు, సిప్ పోగా మీకు నెలకు మిగిలేది 7,000. వాయిదా కట్టాక మిగిలేది 1,124 రూపాయలు. నలుగురున్న ఇంట్లో ఒక పెళ్లి పిలుపు వచ్చినా, రెండు టైర్లు మార్చాల్సి వచ్చినా ఆ నెల గడవదు. రెండు నిమిషాల్లో అప్పు ఇస్తామని చెప్పేవారు, దాన్ని తీర్చడానికి మీకు ఎన్ని ఆదివారాలు పడతాయో చెప్పరు.

ఆ ఆదివారాలనే లెక్కపెడదాం. బండికి 500 మిగిలితే 5,876 రావడానికి నెలకు పన్నెండు బండ్లు కావాలి. మీరు పని చేసేది రెండు ఆదివారాలు, కాబట్టి పూటకు మూడు చొప్పున రోజుకు ఆరు బండ్లు. నడుము నొప్పి తగ్గాలని కొన్న లిఫ్టు మీద, ఇరవై నాలుగు నెలల పాటు, సొంత యెజ్డీని ముట్టుకోకుండా ఇతరుల బండ్లకు ఆయిలు మార్చాలి. అదీగాక స్నేహితుల దగ్గర డబ్బు వసూలు చేయడం ఎంత కష్టమో చిట్టీలు నడిపినవారిని అడగండి. డబ్బు తీసుకుని పని చేసిన రోజు నుంచి అది వ్యాపారమే. ఇంటి మీటరుపై వ్యాపారం నడిస్తే విద్యుత్ సంస్థ కనెక్షన్‌ను గృహేతర కేటగిరీకి మార్చవచ్చు, అక్కడ యూనిట్ ధర ఎక్కువ. లిఫ్టు మీద నుంచి స్నేహితుడి బండి జారిపడితే ఆ నష్టం మీ జేబులోంచే పోతుంది.

అప్పుకు వేరే దారులను మీరు వెతకకముందే చెబుతున్నాను. కార్డు మీద "నో కాస్ట్ ఈఎంఐ" ఉచితం కాదు. వడ్డీని ధరలోనో, వదులుకున్న డిస్కౌంటులోనో కలిపేస్తారు, దానిపై 18 శాతం జీఎస్టీ మీరే కడతారు. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే స్పష్టం చేసింది. చిట్టీని మొదటి నెలల్లోనే పాడుకోవడం కూడా అప్పే, వడ్డీ బదులు తోసుడు (పాటలో వదులుకునే సొమ్ము) రూపంలో పోతుంది. ఇంట్లోవారి బంగారం తాకట్టు పెట్టి సరదా సామాను కొనాలన్న ఆలోచనపై ఒక్క వాక్యం కూడా వృథా చేయను.

నేను చెప్పే పద్ధతి ఇది. సిప్‌ను తాత్కాలికంగా ఆపండి. ఇలా అంటే నా తోటి సలహాదారులు కొందరు నన్ను తప్పుపడతారు, కాని అత్యవసర నిధి లేనివాడు తన సిప్‌ను మార్కెట్ పడిన రోజునే నష్టానికి అమ్ముకోవడం నేను చాలాసార్లు చూశాను. మిగులు 7,000, సిప్ 5,000 కలిపి నెలకు 12,000 నిధిలో వేయండి. దీపావళి బోనస్ 45,000 మొత్తం అందులోకే వెళ్లాలి, దాన్ని లిఫ్టుకు బయానాగా ఇవ్వడానికి వీల్లేదు. ఉన్న 38,000తో కలిపితే 83,000 అవుతుంది, 1,56,000కు తక్కువైన 73,000 ఏడు నెలల్లో నిండుతుంది. సగం పొదుపు ఖాతాకు అనుసంధానమైన డిపాజిట్‌లో, సగం లిక్విడ్ ఫండ్‌లో (స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) ఉంచండి. లిక్విడ్ ఫండ్‌లో వెంటనే తీసుకునే సౌకర్యం ఉన్నా రోజుకు ఒక పథకం నుంచి 50,000కు మించి రాదు, అందుకే మొత్తం అక్కడ పెట్టవద్దంటున్నాను. ఖాతా వివరాలు మీ భార్యకు తెలిసి ఉండాలి. ఆపద మీకే వస్తే డబ్బు తీయాల్సింది ఆవిడే కదా.

ఏడు నెలలయ్యాక అదే 12,000ను మరో నాలుగు నెలలు వేరుగా దాచండి. 48,000 అవుతుంది. మీరు కొనవలసిన లిఫ్టు, అంటే కాలితో తొక్కే హైడ్రాలిక్ రకం, జీఎస్టీతో 42,480 పడుతుంది, రవాణాకు కూడా డబ్బు మిగులుతుంది. అక్కడి నుంచి సిప్‌ను మళ్లీ మొదలుపెట్టి, మిగులుతో నిధిని ఆరు నెలల స్థాయికి పెంచుకుంటూ పోవచ్చు.

గాలి రకం ఎందుకు వద్దంటున్నానంటే, నెలకు రెండు రోజుల పనికి కంప్రెసర్ పోషించడం దండగ. టేబుల్ ధర 48,000 అని కనిపిస్తుంది గాని కంప్రెసర్, జీఎస్టీ కలిపితే 82,600కు చేరుతుంది, ఆపై కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీటిని తీస్తుండాలి, ఆ చప్పుడుకు పక్కింటివారికి సమాధానం చెప్పుకోవాలి. రోజుకు పదిహేను బండ్లు ఎక్కి దిగే సర్వీసు సెంటరుకు ఆ వేగం అవసరం. మీకు రెండు నిమిషాలు పెడల్ తొక్కితే పోయేదేమీ లేదు. మోటారు రకానికి కూడా ఇదే జవాబు.

బరువు విషయంలో అమ్మేవాడి మాటలకు బెదరకండి. ఇప్పుడు వస్తున్న బుల్లెట్ 350 బరువు 195 కిలోలు, ఆర్‌ఎక్స్ 100 నూటమూడు కిలోలే. 400 కిలోలు మోసే టేబుల్ మీ అవసరానికి రెట్టింపు, టన్ను మోసేది కొనమంటే అది వాడి లాభం. డబ్బు పెట్టవలసింది మరోచోట. టేబుల్ పైకి లేచాక కింద అడ్డంగా పడే ఇనుప లాక్ కడ్డీ ఉండాలి. హైడ్రాలిక్ నూనె మీద మాత్రమే నిలబడే టేబుల్ కింద చెయ్యి పెట్టకూడదు, సీలు అరిగితే అది మెల్లగా కూర్చుంటుంది. ముందు చక్రాన్ని పట్టుకునే క్లాంపు గట్టిగా ఉందో లేదో బండి ఎక్కించి చూడండి. వెనుక చక్రం ఊడదీయడానికి టేబుల్ చివర పలకను విడిగా తీసే వీలు లేకపోతే ఆ లిఫ్టు మీకు సగమే పనికొస్తుంది. యెజ్డీలో కిక్కు, గేరు రెండూ ఒకే కడ్డీ కాబట్టి, ఆ బండిని టేబుల్ మీద కిక్కు కొట్టి చూడాలన్న ఉత్సాహం మీకు తప్పకుండా వస్తుంది. పట్టీలు నాలుగు వైపులా కట్టకుండా ఆ పని చేయకండి.

పోర్టికో నేలపై పార్కింగ్ టైల్స్ ఉంటే టేబుల్ చిన్న చక్రాల కింద అవి పగులుతాయి, కాబట్టి టేబుల్ ఒకే చోట స్థిరంగా ఉండేలా కొలతలు ముందే సుద్దతో గీసుకోండి. రెండు మీటర్లు దాటిన టేబుల్, దాని ముందు ర్యాంపు, మీరు తిరిగే జాగా కలిపితే బుల్లెట్ బయటికి తీసే దారి మిగులుతుందో లేదో గీత గీస్తే గాని తెలియదు. నేల సిమెంటు గట్టిదే అయితే కొత్త కాంక్రీటు ఖర్చు కూడా మానుకోవచ్చు.

బీమా గురించి ఒక మాట. బండి పాలసీతో వచ్చే 15 లక్షల యజమాని ప్రమాద బీమా, మీరు బండి నడుపుతున్నప్పుడు, ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు జరిగే ప్రమాదానికి ఉద్దేశించింది. ఇంట్లో లిఫ్టు మీద నుంచి బండి జారి మీ మీద పడితే దాన్ని నమ్ముకోలేరు. విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోండి. అమ్మగారు కంపెనీ పాలసీలో లేకపోతే ఆవిడకు వేరే ఆరోగ్య పాలసీ లిఫ్టు కంటే ముందు రావాలి. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఆ ప్రీమియం వల్ల లిఫ్టు రెండు నెలలు ఆలస్యమైతే కానివ్వండి.

అప్పటిదాకా నడుము సంగతి కూడా చూసుకోవాలి కదా. ఒక ప్యాడాక్ స్టాండు (చక్రాన్ని నేల నుంచి లేపి బండిని నిలబెట్టేది), చక్రాలున్న పొట్టి స్టూలు, మోకాళ్ల కింద రబ్బరు చాప కొనుక్కోండి, వీటికి అప్పు అక్కర్లేదు. ఆ యాప్‌లో దరఖాస్తు ఇప్పటికే పెట్టి ఉంటే ఈ రాత్రే రద్దు చేయండి. డబ్బు ఖాతాలో పడిపోయినా, డిజిటల్ రుణాలకు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కనీసం ఒక రోజు వెనుదిరిగే గడువు ఉంటుంది. అది ఎన్ని రోజులో మీకిచ్చిన కీలక వివరాల పత్రంలో చూసి, ఆలోపు అసలును, ఆ కొద్ది రోజుల వడ్డీని కట్టి బయటపడండి. ప్రాసెసింగ్ రుసుము తిరిగి రాకపోయినా దాని గురించి బాధపడకండి.