రెక్టిఫై: సరిచేయడమే, కానీ దేన్ని?

రెక్టిఫై అంటే ఏమిటి, కరెక్ట్‌కీ ఫిక్స్‌కీ దీనికీ తేడా ఏమిటి అని అడిగారు. అర్థం ఒక్క ముక్కలో తేలిపోతుంది: తప్పును సరిదిద్దడం, లోపాన్ని సవరించడం. చిక్కంతా వాడకంలోనే. కస్టమర్లకు వెళ్లే ఇంగ్లిష్ మెయిళ్లు ముందుగా చదివి సరిచూడటం నా ఉద్యోగంలో ఒక భాగం కాబట్టి ఈ మాట నాకు తరచూ తగులుతూనే ఉంటుంది, చాలాసార్లు కొట్టేస్తుంటాను కూడా.

మామూలు ఇంగ్లిష్‌లో రెక్టిఫై పక్కన వచ్చేది పొరపాటు, లోపం, లేదా అడ్డం తిరిగిన పరిస్థితి. రెక్టిఫై ది ఎర్రర్, రెక్టిఫై ది సిట్యుయేషన్, ఇలా. 'ప్లీజ్ రెక్టిఫై మై ప్రింటర్' అంటే అర్థమవుతుంది గానీ ఎబ్బెట్టుగా ఉంటుంది, ప్రింటర్‌ను రిపేర్ చేస్తాం లేదా ఫిక్స్ చేస్తాం, అందులో వచ్చిన ఫాల్ట్‌ను కావాలంటే రెక్టిఫై చేయొచ్చు. నా ఉచ్చారణను ఎవరైనా సరిదిద్దితే 'హి కరెక్టెడ్ మి' అనాలి, అక్కడ రెక్టిఫైడ్ అస్సలు పొసగదు. లాయర్ల సంగతి వేరు. ఒప్పంద పత్రంలో రాసినది ఇరుపక్షాలు అనుకున్నదానికి భిన్నంగా ఉంటే కోర్టు ఆ పత్రాన్నే సరిదిద్దడాన్ని రెక్టిఫికేషన్ అంటారు.

ఒక మెయిల్ సంగతి చెప్తాను. బిల్లులో ఒకే వస్తువు రెండుసార్లు పడింది, కస్టమర్ డబ్బు కూడా కట్టేశారు. మావాళ్లు జవాబులో 'ది ఇష్యూ హాజ్ బీన్ రెక్టిఫైడ్' అని రాశారు. ఎక్కువ కట్టించుకున్న డబ్బు వెనక్కి వెళ్లిందా అని అడిగితే, లేదు, కొత్త బిల్లు మాత్రమే తయారైందట! అంకె మారిస్తే బిల్లును కరెక్ట్ చేసినట్టు, డబ్బు కూడా తిరిగిచ్చాకే సమస్యను రెక్టిఫై చేసినట్టు. డిక్షనరీలు ఇంత కచ్చితంగా గీత గీయవు, ఇది నా పట్టింపే అనుకోండి, కానీ ఎవరు ఏం చేశారో చెప్పకుండా తప్పించుకోవడానికి ఆ వాక్యం భలే పనికొస్తుందని మాత్రం గమనించాను.

పైగా ఇది కాస్త లాంఛనంగా ఉండే మాట. ఫ్రెండ్‌కి పంపిన మెసేజ్‌లో స్పెల్లింగ్ తప్పు పడితే ఫిక్స్ చేశాను అంటే చాలు, రెక్టిఫై అంటే నోటీసు పంపినట్టుంటుంది.

లాటిన్‌లో రెక్టస్ అంటే తిన్ననిది, ఫకేరే అంటే చేయడం, మూలం అదీ. అటూ ఇటూ మారే ఏసీ కరెంటును ఒకే దిశలో పారే డీసీగా మార్చే రెక్టిఫయర్‌కు పేరు అక్కడినుంచే వచ్చింది, ఫోన్ చార్జర్ లోపల ఉండేది అదే. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 16వ ఆర్టికల్ పేరు రైట్ టు రెక్టిఫికేషన్, అంటే మన గురించి తప్పుగా నమోదైన వివరాలను సరిచేయించుకునే హక్కు.

పలికేటప్పుడు ఊనిక 'రెక్' మీద. స్పెల్లింగ్‌లో, రెక్టిఫైడ్ దగ్గర చివరి వై పోయి ఐ వస్తుంది, రెక్టిఫైయింగ్‌లో వై అలాగే ఉంటుంది.